కాలు జారింది అనే మాట వెనక

"అమ్మ బాత్రూంలో జారి పడిపోనాది." ఒడిశా సరిహద్దు ఊళ్ళైన పర్లాకిమిడి నుంచో గుణుపురం నుంచో హైదరాబాదుకీ బెంగళూరుకీ వెళ్ళే ఫోన్లలో తరచూ వినబడే మాట ఇది. ఆ తర్వాతి ప్రశ్నలు కూడా ఒకే వరసలో వస్తాయి. ఎక్కడ తగిలింది? ఎముక విరిగిందా? ఎవరికి చూపించారు? ఎలా పడింది అని అడిగితే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది: తడి గచ్చు, కాలు జారింది. విచారణ అక్కడితో సరి. వారం తిరక్కుండా బాత్రూంలో రబ్బరు పట్టా పడుతుంది. ఇకమీదట ఒంటరిగా లేవొద్దని పెద్దావిడకు గట్టిగా చెబుతారు.

ఆ గచ్చు మీద ఆవిడ ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది. అది రోజూ తడిగానే ఉంటుంది. మరి ఆ రోజే ఎందుకు జారింది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కింద పడటం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారు. అనుకోకుండా తగిలే గాయాలతో పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో 80 శాతానికి పైగా మనలాంటి తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. 65 దాటినవాళ్ళలో సుమారు మూడో వంతు మంది ఏడాదిలో ఒక్కసారైనా పడతారు. ఇంతమంది ఇన్ని చోట్ల పడుతున్నప్పుడు దాన్ని గచ్చు మీదికి నెట్టేసి ఊరుకోవడం కుదరదు.

ఇక సరిహద్దు సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత పర్లాకిమిడిని ఇటు ఒడిశాలో, దాన్ని ఆనుకునే ఉన్న పాతపట్నాన్ని అటు, ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వైపు వేసింది. బరంపురం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి ఊళ్ళలో తెలుగు ఇళ్ళ భాషగా నిలిచింది. ఆఫీసులో, ఆసుపత్రిలో ఒడియా. పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ విశాఖపట్నం, హైదరాబాదు దారి పట్టారు, పెద్దవాళ్ళు ఇల్లు కనిపెట్టుకుని ఉండిపోయారు. మనిషి కింద పడటానికీ రాష్ట్రాల హద్దులకీ ఏం సంబంధం అనిపించవచ్చు. సంబంధం ఉంది. మందుల సంచి విప్పితే అది బయటపడుతుంది. ముందు ఇల్లు చూద్దాం.

రాత్రి రెండింటి నడక

పర్లాకిమిడిలోనూ బరంపురం పాత వీధుల్లోనూ కనిపించే తరహా ఇల్లు ఒకటి తీసుకుందాం. రెండు పక్కలా పక్కింటివాళ్ళతో కలిసిపోయిన గోడలు. ముందు అరుగు, తర్వాత చావిడి, నట్టిల్లు, వంటిల్లు, పెరడు, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. పెద్దాయన మంచం చావిట్లో, గాలి తగిలే చోట. మరుగుదొడ్డి పెరటి చివర.

రాత్రి రెండింటికి ఆయనకు మెలకువ వస్తుంది. ఒకటికి వెళ్ళాలి, ఆపుకోలేనంత తొందరగా వెళ్ళాలి. నవారు మంచం నడుం దగ్గర కుంగి ఉంది, అంచు పట్టుకుని రెండు ఊపులు ఊగితే గాని లేవలేరు. లేచిన ఊపులో ఆగకుండా నడక మొదలుపెడతారు. స్విచ్చు గుమ్మం అవతల గోడకుంది. ఉన్నా వెయ్యరు, నట్టింట్లో పడుకున్న వాళ్ళకి నిద్ర చెడుతుందని. చావిటి గడప, నట్టింటి గడప, వంటింటి గడప దాటాలి. పెరటి గుమ్మం దగ్గర ఒక మెట్టు దిగుడు. అక్కడ అరిగిపోయిన హవాయి చెప్పులు, చీకట్లో కాలితో తడుముకుని ఒకటి సరిగా, ఒకటి సగం తొడుక్కుంటారు. నూతి చప్టా పక్కనుంచి నాలుగు అడుగులు. వానాకాలమైతే చప్టా అంచున పాచి. మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకుంటుంది, లోపల గడియ. లేచేటప్పుడు ఆసరాకి అందేది తువ్వాలు వేసుకునే కడ్డీ ఒక్కటే. అది రెండు చిన్న మేకుల మీద నిలిచింది, మనిషి బరువు మోయదు.

ఈ నడకలో ఆయన ఎక్కడ పడినా మర్నాడు చెప్పుకునేది ఒకే మాట, కాలు జారిందని.

మార్చదగినవి చాలావరకు చవకవే. మంచం అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు తుంటి కన్నా పైకి రాకూడదు. కుంగిన నవారు బిగించాలి, లేదంటే బల్ల మంచం వెయ్యాలి. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా దారి పొడవునా చిన్న బల్బులు రాత్రంతా వెలగాలి. కరెంటు పోయినా వెలిగే రకం బల్బులు ఇప్పుడు ప్రతి ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతున్నాయి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లు ఈ జిల్లాలను రోజుల తరబడి చీకట్లో ఉంచాయి కాబట్టి ఇక్కడివాళ్ళకి దీని అవసరం వేరే చెప్పక్కర్లేదు.

గడపల విషయంలో పాత ఇళ్ళకే కొంచెం మార్కులు ఎక్కువ వెయ్యాలి. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడప మసక వెలుతురులో కూడా కంటికి ఆనుతుంది. కొత్త ఇళ్ళలో గడపకీ గదికీ ఒకటే రంగు గ్రానైటు. బాత్రూం నేల రెండంగుళాలు కిందకి ఉంటుంది కానీ లోపలా బయటా ఒకే టైలు, దిగుడు ఉన్నట్టే తెలియదు. ఆ అంచున ముదురు రంగు పట్టీ ఒకటి అతికిస్తే చాలు.

బాత్రూంలో పట్టుకునే కడ్డీ వేయించేటప్పుడు మేస్త్రీని అడగాల్సింది ఒకటే ప్రశ్న: గోడ ఏమిటి? గట్టి ఇటుక గోడైతే లోతుగా డ్రిల్లు వేసి యాంకర్ బోల్టులతో బిగించవచ్చు. పాత సున్నపు గోడ, మట్టి గోడ అయితే బోల్టు నిలవదు. నేల నుంచి పైకప్పు దాకా జి.ఐ. పైపు నిలబెట్టించడం మేలు. రబ్బరు కప్పులతో టైలుకి అతుక్కునే కడ్డీలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, సరిగ్గా అవసరపడినప్పుడు ఊడి చేతికొస్తాయి. స్నానానికి తేలికపాటి ప్లాస్టిక్ స్టూలు కూడా అలాంటిదే, సబ్బు నీళ్ళలో దాని కాళ్ళే ముందు జారతాయి. చేతులున్న బరువైన కుర్చీ, కాళ్ళకి రబ్బరు తొడుగులు, నిండు బకెట్ వంగి ఎత్తనక్కర్లేకుండా పక్కనే కొళాయి: ఈ మూడూ కుదిరితే స్నానం సగం భద్రమైనట్టే. పాచికి బ్లీచింగ్ పౌడర్ చల్లి కొబ్బరి ఈనెల చీపురుతో రుద్దడం కన్నా మంచి మందు ఇంకా రాలేదు.

తలుపు సంగతి ఎక్కువమందికి తట్టదు. లోపల పడిన మనిషి తలుపుకి అడ్డంగా పడితే లోపలికి తెరుచుకునే తలుపు ఇక తెరుచుకోదు, పైగా గడియ వేసి ఉంటుంది. తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాలి, గడియ తీసెయ్యాలి. మరి మర్యాద? తలుపు మీద తువ్వాలు కనిపిస్తే లోపల మనిషి ఉన్నట్టు అని ఇంట్లో అందరూ అనుకుంటే సరిపోతుంది.

ఇంటిని సర్దడం వల్ల నిజంగా ఫలితం ఉందా అంటే ఉంది, కానీ అందరికీ ఒకేలా కాదు. 2023లో వచ్చిన కొక్రేన్ సమీక్ష (ఎన్నో వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసేది) ప్రకారం ఇంట్లో అడ్డంకులు తీసి, పట్టుకునేవి అమర్చితే పడటాలు సగటున 26 శాతం తగ్గాయి. అప్పటికే ఒకసారి పడినవాళ్ళు, రోజువారీ పనులకి సాయం కావాల్సినవాళ్ళు లాంటి ముప్పు ఎక్కువున్న వాళ్ళలో ఆ తగ్గుదల 38 శాతం. అలాగని ఇంటి మరమ్మతుతోనే మొత్తం తీరిపోతుందని అనుకోకూడదు. పై కథలో పెద్దాయన ఆగకుండా నడవడం, తొందర, తూలు, వీటిని గచ్చు సృష్టించలేదు.

చీకట్లు కమ్మడం వేరు, గిర్రున తిరగడం వేరు

ఈ విషయంలో తెలుగుకి మంచి పదునుంది. లేచి నిలబడగానే కళ్ళకి చీకట్లు కమ్ముతాయి. పక్క మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలగానే ఇల్లు గిర్రున తిరుగుతుంది. నడుస్తుంటే తల ఏమీ తిరక్కపోయినా కాళ్ళు తడబడి ఒళ్ళు తూలుతుంది. మూడు మాటలు, చాలావరకు మూడు వేరు జబ్బులు.

చీకట్లు కమ్మడం అంటే లేచినప్పుడు రక్తపోటు పడిపోతోందన్నమాట. పడుకోబెట్టి ఐదు నిమిషాలాగి బీపీ చూసి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే ముప్పు ఉన్నట్టే. ఖర్చు లేని పరీక్ష, అయినా రద్దీగా ఉండే ఓపీల్లో కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కసారి చూసి పంపేస్తారు. కూర్చున్నప్పుడు 140 ఉందని మాత్ర డోసు పెంచుతారు. నిలబడితే అది 110కి దిగుతోందని ఎవరికీ తెలియదు.

గిర్రున తిరగడానికి తరచూ కారణం లోపలి చెవిలోని సన్నటి సున్నపు రేణువులు చోటు తప్పడం. దానికి తలను ఒక క్రమంలో తిప్పే ఎప్లీ అనే పద్ధతి ఉంది. తెలిసిన డాక్టరు చేతిలో పది నిమిషాల పని, చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గుతుంది. తూలడానికి మూలం ఎక్కువగా కాళ్ళలో ఉంటుంది. ఏళ్ళ తరబడి షుగరుతో పాదాల్లో స్పర్శ పోవడం, తొడ కండలు కరగడం, ఒక్కోసారి మెదడు, వెన్నుపాము జబ్బులు.

ఇప్పుడు సరిహద్దు ఊరి ఆసుపత్రిలో ఏం జరుగుతుందో చూడండి. పెద్దావిడకి బజారు ఒడియా బాగానే వచ్చు, కూరగాయలు బేరమాడగలదు. కానీ చీకట్లు కమ్మడానికీ తూలడానికీ తేడా చెప్పేంత ఒడియా రాదు. వెంట వెళ్ళిన మనవడు మూడింటినీ కలిపి తల తిరుగుతోందని ఒక్క మాటలో తేలుస్తాడు. చీటీలో అది "గిడ్డీనెస్" అవుతుంది. దానికొక మాత్ర. చెవి జబ్బు కాని తూలుడుకి కూడా సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివి నెలల తరబడి నడుస్తాయి. పెద్ద వయసులో ఇవి మత్తునిస్తాయి, కొందరిలో నడక బిగుసుకుపోయి చేతులు వణికేలా చేస్తాయి. తూలుతోందని వేసుకున్న మాత్రే తూలేలా చేస్తుందన్నమాట. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఆ పెద్దావిడ తెలుగులో చెప్పిన మాటని యథాతథంగా కాగితం మీద రాసుకుని, ఏం చేస్తున్నప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది అన్నవి దాని పక్కన రాసుకెళ్ళడం చిన్న పని. స్కానింగు కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది చాలాసార్లు.

రెండు రాష్ట్రాల మందుల సంచి

బీపీ మాత్రలు ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చినవి. గుండెకి బరంపురం మెడికల్ కాలేజీలో రాసినవి. ప్రోస్టేటుకి విశాఖపట్నంలో ఆపరేషన్ వద్దని ఇచ్చిన మాత్ర. మోకాళ్ళ నొప్పులకి శ్రీకాకుళంలో ఒక ఎముకల డాక్టరు రాసినవి. నిద్ర పట్టడం లేదని సందు చివర మందుల షాపువాడు ఇచ్చినవి. పర్లాకిమిడి నుంచి బరంపురం కన్నా శ్రీకాకుళమే దగ్గర, గుణుపురం వాళ్ళకి నౌపడా లైను రైలు కూడా అటే తీసుకెళ్తుంది. అందువల్ల ఒక మనిషి వైద్యం రెండు రాష్ట్రాల్లో, నాలుగు చీటీల మీద, రెండు మూడు భాషల్లో నడుస్తుంది. ఈ చీటీలన్నీ ఒకే బల్ల మీద పరిచి చూసేవాడు ఎవడూ లేడు. సరిహద్దు పెద్దవాళ్ళకి అదనంగా ఉన్న ముప్పు ఇదే, గచ్చు కన్నా ఇది పెద్దది.

ఆ సంచి మంచం మీద గుమ్మరిస్తే సాధారణంగా బయటపడేవి ఇవి. టెల్మిసార్టన్ అనే బీపీ మాత్ర రెండు వేరు కంపెనీల పేర్లతో రెండుసార్లు. ప్రోస్టేటుకి ఇచ్చిన టామ్సులోసిన్, ఇది మూత్రం దారి వదులు చేస్తూ లేచినప్పుడు బీపీని కూడా దించగలదు. కాళ్ళ వాపుకి ఇచ్చిన నీరు తీసే మాత్ర, సాయంత్రం ఆరింటికి వేసుకుంటున్నది. రాత్రి రెండింటి మెలకువకి సగం కారణం అదే కావచ్చు. జలుబుకని కొన్న మత్తు మాత్ర. ఇక నిద్రకని ఇచ్చిన ఆల్ప్రాజొలామ్. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టరులో రాయాలి. ఆచరణలో "నిద్ర మాత్ర" అని అడిగితే స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చే దుకాణాలు ఎన్నో. పెద్దవాళ్ళకి వాడకుండా ఉంటేనే మంచిదని వైద్యులు చెప్పే జాబితాల్లో ఈ కోవ మందులు ముందు వరసలో ఉంటాయి, పడటానికీ తుంటి విరగడానికీ వాటితో ఉన్న సంబంధం వల్ల.

సంచి చూసి భయపడి మాత్రలు మానిపించడం మాత్రం పొరపాటు. నిద్ర మాత్రని ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, దాన్ని వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. బీపీ మాత్రలూ సొంతంగా ఆపేవి కావు. చేయాల్సింది అన్ని స్ట్రిప్పులూ అన్ని చీటీలూ ఒకే సంచిలో వేసి ఒక్క డాక్టరుకి, ఆయన ఏ రాష్ట్రం వాడైనా సరే, మొత్తంగా చూపించి మూడు ప్రశ్నలు అడగడం. వీటిలో ఏవి ఒకటే మందు? ఏవి మత్తు లేదా బీపీ దించేవి? నీరు తీసే మాత్ర పొద్దున్నకి మార్చవచ్చా? దూరాన ఉన్న కొడుకో కూతురో వీడియో కాల్లో "బాగున్నావా" అని అడిగేటప్పుడు ఒక్కసారి ఆ స్ట్రిప్పులన్నీ కెమెరా ముందు పెట్టమంటే చాలు, సగం పని అక్కడే అవుతుంది.

ఉపవాసాల మాట కూడా ఇక్కడే. కార్తీక సోమవారం నక్షత్రాలు కనిపించేదాకా ఏమీ ముట్టని పెద్దావిడ పొద్దున్నే గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర, బీపీ మాత్ర అలవాటుగా వేసేసుకుంటుంది. సాయంత్రానికి షుగరు పడిపోయి, నీళ్ళు తాగక బీపీ దిగి, దీపం పెట్టడానికి వంగి లేచినప్పుడు కూలబడుతుంది. ఉపవాసం మానమంటే వినరు, వినాల్సిన అవసరమూ లేదు. ఆ రోజు ఏ మాత్ర మానాలో, ఏది తగ్గించాలో ముందే డాక్టరుని అడిగి ఉంచుకోవచ్చు. అదే నెలలో మహేంద్రతనయ, వంశధార రేవుల్లో తెల్లవారుజాము స్నానాలు, తడి మెట్లు. ఒక చెయ్యి మనిషి భుజం మీద ఉండాలి, అంతే.

కూర్చో అమ్మా, నేను తెస్తాను

పడిన తర్వాత ఇంటిల్లిపాదీ చూపించే ప్రేమకి ఒక రూపం ఉంది. మంచినీళ్ళు మంచం దగ్గరికే వస్తాయి. కంచం మంచం మీదికే వస్తుంది. వీధి అరుగు దాకా వెళ్ళబోతే నలుగురు నాలుగు వైపుల నుంచి కేకలేస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని 10 రోజులు మంచం మీద ఉంచి చూసిన ఒక అధ్యయనం 2007లో వచ్చింది. ఆ పది రోజుల్లో వాళ్ళ కాళ్ళ నుంచి దాదాపు ఒక కిలో కండ పోయింది. కట్టు కట్టించుకుని నెల మంచం మీదున్న మనిషి సంగతి ఊహించుకోవచ్చు. పడిన భయం కదలనివ్వదు, కదలకపోవడం కాళ్ళని తినేస్తుంది, బలం తగ్గిన కాళ్ళు మళ్ళీ పడేస్తాయి. రెండోసారి పడటానికి మొదటిసారి కన్నా ఎక్కువ కారణాలు ఇంట్లోవాళ్ళే సమకూరుస్తారని చెప్పడం కటువుగా ఉంటుంది గాని అబద్ధం కాదు.

పాత తరం కాళ్ళకి కసరత్తు విడిగా అక్కర్లేకపోయింది. పీట మీద భోజనం, నేల మీద కూరగాయలు తరగడం, గొంతుక్కూర్చుని ముగ్గు వెయ్యడం. బరంపురం పట్టు నేసే ఇళ్ళలో గుంట మగ్గంలో దిగడం, ఎక్కడం. రోజుకి ఇరవై ముప్పై సార్లు నేల నుంచి లేచేవాళ్ళు. మోకాళ్ళు అరిగాక కుర్చీ, డైనింగ్ టేబులు, కమోడు వచ్చాయి. అవి తప్పు కాదు, అవసరమే. కానీ వాటితో పాటు ఆ ముప్పై లేవడాలూ పోయాయని, వాటి స్థానంలో ఇంకేదో పెట్టాలని ఎవరూ అనుకోలేదు.

ఎంత పోయిందో ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద ముడుచుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికా ప్రజారోగ్య సంస్థ వాడే కొలత ప్రకారం 70 నుంచి 74 ఏళ్ళ మగవాళ్ళు 12 కన్నా, ఆడవాళ్ళు 10 కన్నా తక్కువసార్లు లేస్తే కాళ్ళ బలం తగ్గినట్టు. ఇంకొకటి: కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు గాని అంతకు మించి గాని పడితే పడే ముప్పు ఉన్నట్టు లెక్క. రెండు పరీక్షలకీ పక్కన ఒక మనిషి నిలబడాలి.

పోయిన బలం తిరిగి వస్తుంది, ఎనభైల్లో కూడా. 2019 నాటి కొక్రేన్ సమీక్ష 108 అధ్యయనాలు, 23 వేల మందికి పైగా మనుషులను కలిపి చూసి, వ్యాయామం వల్ల పడటాలు 23 శాతం తగ్గుతాయని తేల్చింది. అయితే అందులో ఒక మెలిక ఉంది. పనిచేసినవి తూకం నిలుపుకునే వ్యాయామాలూ కాళ్ళ బలం పెంచేవీ. ఉత్త నడక పడటాలని తగ్గిస్తుందని మాత్రం తేలలేదు. రోజూ పొద్దున్నే గుడి దాకా నడుస్తున్నాం కదా అనుకునేవాళ్ళు ఇది గమనించాలి. నడక గుండెకి మంచిదే. తూకానికి వేరే పని కావాలి: వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి నిలబడటం, ఒక కాలు మీద నిలబడటం, వేలికి మడమ ఆనించి తాడు మీద నడిచినట్టు పది అడుగులు, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదేసి సార్లు లేవడం. మొదట రెండు చేతులతో, తర్వాత ఒక చేత్తో, తర్వాత రెండు వేళ్ళతో గట్టు పట్టుకోవడం, పురోగతి అంటే అదే. వారానికి మూడు గంటల చొప్పున నెలల తరబడి సాగితే ఫలితం కనిపిస్తుంది, ఆపేస్తే పోతుంది. టీవీలో సీరియల్ మధ్య ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి నిలబడే అలవాటు చేసుకున్నా తక్కువేమీ కాదు.

కళ్ళ గురించి క్లుప్తంగా. శుక్లం ముదిరేదాకా ఆగడం పాత మాట. మొదటి కంటికి ఆపరేషన్ త్వరగా చేయించుకున్న ఆడవాళ్ళలో పడటాలు మూడో వంతు తగ్గాయని 2005 నాటి బ్రిటిష్ అధ్యయనం ఒకటి చూపించింది. చదువుకునే అద్దం కిందా దూరపు అద్దం పైనా ఉన్న కళ్ళజోడుతో మెట్లు దిగితే మెట్టు అంచు మసగ్గా కనిపిస్తుంది. బయటికి వెళ్ళేటప్పుడు దూరపు జోడు వేరే ఉంటే నయం. కాళ్ళకి, ఇంట్లో వట్టి పాదాలతో తిరిగే మన ఆచారం షుగరున్న పెద్దవాళ్ళకి అంత మంచిది కాదు. వెనక పట్టీ ఉండి, అరగని అడుగున్న చెప్పులు ఒక జత ఇంట్లోకే ఉంచుకోవచ్చు, దేవుడి గది గుమ్మం దగ్గర విడిచిపెట్టవచ్చు. టైల్స్ మీద మేజోళ్ళు మాత్రం వద్దే వద్దు. విటమిన్ డి మాత్రల మీద ఆశ కూడా తగ్గించుకోవాలి. ఇంటి దగ్గర ఉండే పెద్దవాళ్ళలో అవి పడటాన్ని ఆపవని తేలింది, ఏడాదికి ఒకేసారి భారీ మోతాదు ఇచ్చిన చోట పడటాలు పెరిగాయి. లోపం ఉందని పరీక్షలో తేలితే వాడాలి, అది వేరే సంగతి.

ఎవరూ పడని ఆశ్రమం

పిల్లలు దూరాన ఉన్న చోట వృద్ధాశ్రమాలు పెరుగుతున్నాయి. ఆశ్రమంలో చేర్చాక ఇక పడరు, చూసుకునేవాళ్ళు ఉంటారు అన్న ధీమా మాత్రం లెక్కలకి నిలవదు. దీర్ఘకాల సంరక్షణ సంస్థల్లో ఉండేవాళ్ళలో ఏటా 30 నుంచి 50 శాతం మంది పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. ఇంటి దగ్గరివాళ్ళ కన్నా ఇది ఎక్కువే. అక్కడికి చేరేవాళ్ళే బలహీనులు కావడం ఒక కారణం. కొత్త చోటు ఇంకో కారణం. ఇంటి దగ్గర చీకట్లో కూడా కాళ్ళకి తెలిసిన దారి ఇక్కడ తెలియదు. మంచానికి కుడివైపు ఉండే గోడ ఇక్కడ ఎడమవైపు ఉంటుంది, అలవాటైన వైపు చెయ్యి చాస్తే ఖాళీ. మొదటి వారాల్లో రాత్రిపూట ఒక మనిషి తోడు వెళ్ళి దారి అలవాటు చెయ్యకపోతే ఎంత మంచి టైల్స్ వేసినా దండగే.

కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో విశ్రాంత గృహాలకి నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. జారని నేల, పట్టుకునే కడ్డీలు, అత్యవసర గంట లాంటివి అందులో ఉన్నాయి. అవి ప్రధానంగా బిల్డర్లు కట్టి అమ్మే కాలనీలని ఉద్దేశించినవి. ఒక పాత మేడని అద్దెకు తీసుకుని పది మంచాలు వేసి నడిపే చిన్న ఊరి ఆశ్రమానికి ఆ కాగితం ఎప్పటికీ చేరకపోవచ్చు. అక్కడ తేడా తెచ్చేది రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉన్నారు, పడుకోబోయే ముందూ తెల్లవారుజామునా వాళ్ళే అడిగి బాత్రూంకి తీసుకెళ్తున్నారా అన్నది. తొందరే పడేస్తుంది. ఆ తొందర రాకుండా ముందే లేపితే పడటం తగ్గుతుంది.

ఆశ్రమం చూడటానికి వెళ్ళినవాళ్ళు తోట, భజన హాలు, భోజనం చూసి వస్తారు. అడగాల్సింది వేరే: గత మూడు నెలల్లో ఎంతమంది పడ్డారు, రాసిన పుస్తకం ఉందా? ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ, కాళ్ళకి ఏం ఉంది, ఆ రాత్రి ఏ మాత్ర ఇచ్చారు అని రాసిపెట్టే చోట అదే మూలన మూడోసారి ఎవరూ పడరు. "మా దగ్గర ఎవరూ పడరండీ" అనే జవాబు వస్తే జాగ్రత్త పడాలి. వాళ్ళు రాయడం లేదు, లేదా ఎవరినీ లేవనివ్వడం లేదు. మంచానికి కట్టడం, మత్తు మాత్ర ఇచ్చి పడుకోబెట్టడం వల్ల పడటాలు తగ్గవు, కాళ్ళు మాత్రం పోతాయి.

పడ్డాక మొదటి గంట

ఒంటరిగా పడి గంటకి పైగా నేల మీదే ఉండిపోవడం దెబ్బ కన్నా ప్రమాదం కావచ్చు. ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒత్తిడి పడిన చోట పుండు పడుతుంది, నలిగిన కండ నుంచి వచ్చే పదార్థం మూత్రపిండాల మీద పడుతుంది. ఎముక విరగలేదనిపిస్తే లేచే పద్ధతి ఒకటుంది: పక్కకి ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ళ మీద పాకి బరువైన కుర్చీ దగ్గరికి చేరి, ఒక పాదం ముందుకి ఆనించి, కుర్చీని పట్టుకుని లేవడం. ఇది పడకముందే ఒకటి రెండుసార్లు మంచం పక్కన సాధన చెయ్యాలి. లేవలేకపోతే పిలవడానికి మెడలో తాడుతో ఫోను ఉండాలి, లేదా మంచం కింద, బాత్రూంలో చేతికందే ఎత్తులో ఒక స్టీలు గ్లాసు, పళ్ళెం. అరుపు పక్కింటికి వినబడకపోయినా స్టీలు మోత వినబడుతుంది.

తలకి దెబ్బ తగిలి, ఆ మనిషి క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే, పైకి గాయం లేకపోయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. మెదడు పైపొరలో రక్తం నెమ్మదిగా చేరి, రోజులూ వారాల తర్వాత మగతగా, తికమకగా బయటపడుతుంది, "వయసు మీద పడిందిలే" అని కొట్టిపారేస్తుంటారు.

ఒక కాలు పొట్టిగా కనబడి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగినట్టే అనుకోవాలి. నిలబెట్టి చూడకూడదు, నూనె రాసి తోమకూడదు. నాటు కట్టు చేతి మణికట్టుకి కుదిరిందేమో గాని తుంటికి కుదరదు. 108కి ఫోను చేసి, ఆపరేషన్ చేయగల చోటికే నేరుగా వెళ్ళాలి, అది ఒకటి రెండు రోజుల్లో జరిగితేనే ప్రాణానికి మేలు. ఏ ఊరికి వెళ్ళాలి, అక్కడ ఏ కార్డు చెల్లుతుంది అన్నది ఆ రాత్రి ఆలోచించే సంగతి కాదు. ఒడిశా చిరునామా ఉన్నవాళ్ళకి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆరోగ్య పథకం వర్తించదు. 70 దాటినవాళ్ళకి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2025 నుంచి ఒడిశాలోనూ అమల్లోకి వచ్చింది, జాబితాలో ఉన్న ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా ఏడాదికి 5 లక్షల దాకా చెల్లుతుంది. కార్డు తీయించి, శ్రీకాకుళం, విశాఖపట్నం, బరంపురంలో ఏ ఆసుపత్రి జాబితాలో ఉందో 14555కి ఫోను చేసి ముందే రాసి పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళ సాయం కోసం 14567 నంబరు పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది. చేతికర్ర, వాకరు కొనలేని ఇళ్ళకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద అవి ఉచితంగా ఇస్తారు.

తుంటి ఆపరేషన్ అయిన మర్నాడే ఫిజియోథెరపిస్టు వచ్చి వాకరుతో నిలబెడతాడు. నొప్పితో ముఖం ముడుచుకుపోతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు "ఇప్పుడే ఎందుకండీ, నాలుగు రోజులాగి" అని అడ్డం పడతారు. ఆయన వినకుండా నాలుగడుగులు వేయిస్తాడు. డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక అలా అడుగులు వేయించే మనిషి ఉండడు, మంచం చావిట్లోనే ఉంటుంది, కంచం మళ్ళీ మంచం దగ్గరికే వస్తుంది.